కత్తికన్నా ముందు చూపు

ఒక శనివారం సాయంత్రం, దీపాలు పెట్టే వేళ, మా సంఘస్థులైన భార్యాభర్తలు ఇద్దరు మందిరం ఆవరణలోనికి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. ఆమెకు ఇంకా ముప్పై ఏండ్లు నిండలేదు. ముఖం పాలిపోయి ఉంది. నాలుగు మెట్లు ఎక్కినందుకే ఆయాసపడుతున్నది. భర్త చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి, దానిలో స్కానింగ్ కాగితాలు.

"అయ్యగారూ, బుధవారం ఆపరేషను. గర్భసంచి తీసేస్తారంట. ప్రార్థన చేయండి" అన్నాడతడు. అర ఎకరం తనఖా పెట్టి డబ్బు తెచ్చానని కూడ చెప్పాడు.

నా భార్య ఆమెను లోపలికి తీసుకొనిపోయి కూర్చోబెట్టి నెమ్మదిగా అడిగింది. ఈడేరిన నాటి నుండి నెలసరిలో రక్తం ఎక్కువగానే పోయేదట. పెండ్లయి బిడ్డ పుట్టిన తరువాత అది మరీ ఎక్కువైనది. గర్భస్రావం ఎన్నడూ కాలేదు. కాన్పు మామూలుగా అయినది. గర్భసంచి శుభ్రం చేయించడం వంటివి ఏవీ జరుగలేదు. పొత్తికడుపులో ఏదో కొట్టుకుంటున్నట్లు ఉంటుందని, రాత్రివేళ చెయ్యి పెడితే గుండె అక్కడ ఉన్నట్లు తెలుస్తుందని చెప్పినదట. ఈ సంగతి ఆమె ఏ డాక్టరుకూ చెప్పలేదు. ఎవరూ అడుగనూ లేదు.

నేను వేదశాస్త్రంలో డిప్లొమా చదివినవాడనే గాని వైద్యం చదివినవాడను కాను. కాగితంలో "గర్భసంచి గోడలోను, దాని ప్రక్కన అనేక నీటితిత్తులు" అన్నట్లుగా వ్రాసి ఉన్నది. ఆపరేషను అవసరమే కావచ్చు, అయితే ఎందుకు చేస్తున్నారో తెలిసిన తరువాత చేయించుకుంటే మంచిది గదా అని మాకు తోచింది. సోమవారం ఉదయం జిల్లా కేంద్రంలో తెలిసినవారి ద్వారా ఒక రేడియాలజిస్టు డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళాము.

భార్యాభర్తలు, నా భార్య లోపల ఉన్నారు. నేను బయట బల్లమీద కూర్చున్నాను. ఇరవై నిమిషాల తరువాత డాక్టరమ్మ నన్ను కూడ పిలిచి తెరమీద రెండు బొమ్మలు చూపించారు. మొదటిది నలుపు తెలుపు బొమ్మ. దానిలో నల్లని గుంటలు, తేనెపట్టు గదులవలె. రెండవది అదే చోటు, అదే స్త్రీ. కాని ఒక మీట నొక్కిన తరువాత తీసినది. ఆ నల్లని గుంటలన్నీ ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ రంగులతో, క్రిస్మస్ రాత్రి మందిరానికి కట్టిన బల్బులవలె వెలిగిపోతున్నాయి.

"ఇవి నీటితిత్తులు కావు పాస్టరుగారూ. వీటిలో ఉన్నది పరుగెత్తే రక్తం. ఇది తెలియకుండా కత్తి పెట్టి ఉంటే బల్లమీద రక్తం ఆపడం చాలా కష్టమయ్యేది" అన్నారామె.

ప్రియ చదువరులారా, ఆ రెండు బొమ్మల మధ్య ఉన్నది ఒక్క మీట మాత్రమే. ఆ మీట సంగతి మన ఇండ్లలో అందరికీ తెలియాలనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

కాలువ, పొలం, గండి

మన శరీరంలో రక్తం నడిచే తీరు కాలువల క్రింద వ్యవసాయం చేసేవారికి సులభంగా అర్థమవుతుంది. గుండె నుండి బయలుదేరే ధమనులు పెద్ద కాలువలవంటివి. వాటిలో ఒత్తిడి ఎక్కువ, వేగం ఎక్కువ. అవి పిల్లకాలువలుగా, బోదెలుగా చీలి చివరకు వెండ్రుకకన్నా సన్నని కేశనాళికలలోనికి చేరుతాయి. అదే పొలం. అక్కడ రక్తం నెమ్మదించి, ఆహారాన్ని, ప్రాణవాయువును అందించి, తరువాత సిరలు అనే మురుగు కాలువల గుండా గుండెకు తిరిగి చేరుతుంది. సిరల గోడలు పలుచన. అవి నెమ్మదిగా పారే రక్తానికే తగినవి.

ఇప్పుడు పెద్ద కాలువకు, మురుగు కాలువకు మధ్య గండి పడినదనుకోండి. నీరు పొలంలోనికి పోకుండా నేరుగా మురుగు కాలువలో పడుతుంది. పొలం ఎండుతుంది. మురుగు కాలువ ఉబ్బి, గట్లు తెగుతాయి. సరిగా ఇదే జరుగుతుంది ధమనీ సిరల వైకల్యంలో. ధమనులు, సిరలు కేశనాళికలు లేకుండానే ఒక చిక్కుముడిగా కలిసిపోతాయి. ఆ ముడిని డాక్టర్లు నైడస్ అంటారు. లాటిన్ మాటలో దానికి గూడు అని అర్థం.

ఇది తల్లి గర్భంలో రక్తనాళాలు ఏర్పడే సమయంలోనే మొదలవుతుంది. అయితే పుట్టిన బిడ్డలో కనబడకపోవచ్చు. ఈడేరిన సమయంలో, గర్భం ధరించినప్పుడు, లేదా దెబ్బ తగిలినప్పుడు, కోత పెట్టినప్పుడు పెరిగి బయటపడుతుంది. అందుకే పుట్టుకతో ఉన్న లోపం పాతికేండ్లకు, ముప్పై ఏండ్లకు తెలిసినా ఆశ్చర్యపడనక్కరలేదు.

అన్నీ ఒక రకం కావు. పూర్వం రక్తనాళాల గడ్డలన్నిటినీ ఒకే పేరుతో పిలిచేవారు. 1982లో అమెరికాలో మల్లికెన్, గ్లోవాకీ అనే ఇద్దరు డాక్టర్లు వాటిని రెండుగా విడదీశారు. కణాలు పెరిగి ఏర్పడే కణితులు ఒక వైపు, నాళాల నిర్మాణంలోనే తప్పు ఉన్న వైకల్యాలు ఇంకొక వైపు. 1996లో అంతర్జాతీయ నిపుణుల సంఘం ఈ విభజనను స్వీకరించింది. వైకల్యాలలో మరల రెండు ముఖ్యమైన తెగలున్నవి. వేగంగా పారేవి, అనగా పైన చెప్పిన గండి వంటివి. నెమ్మదిగా పారేవి, అనగా సిరలు మాత్రమే లేదా లింఫు నాళాలు మాత్రమే ఉబ్బి సంచులుగా తయారైనవి. ఈ రెండింటికీ చికిత్స వేరు, అపాయం వేరు. కాబట్టి మొట్టమొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదే: రక్తం పరుగెత్తుతున్నదా, నిలిచి ఉన్నదా?

ఎవరి తప్పు?

మన పల్లెలలో బిడ్డకు ఏ లోపమున్నా తల్లిని అనడం ఒక అలవాటు. గ్రహణం రోజున బయటకు వచ్చిందని, ఏదో తొక్కిందని, ఏదో తిన్నదని, ఎవరి శాపమో తగిలిందని. ఈ లోపానికి అటువంటివేవీ కారణం కావు. మెదడుకు వెలుపల వచ్చే ధమనీ సిరల వైకల్యాలను పరిశోధించినవారు 2017లో వాటిలో అనేకమందికి లోపమున్న భాగంలోని కణాలలో ఒక జన్యువు మారి ఉన్నట్లు కనుగొన్నారు. గర్భంలో బిడ్డ ఎదుగుతున్నప్పుడు ఆ కొద్ది కణాలలో మాత్రమే వచ్చే మార్పు అది. సాధారణంగా తల్లిదండ్రుల నుండి రాదు, బిడ్డలకు పోదు. కుటుంబాలలో నడిచే రకాలు కొన్ని ఉన్నవి. ఇంట్లో పలువురికి తరచుగా ముక్కునుండి రక్తం కారడం, లేదా చర్మంపై గులాబీరంగు మచ్చలు ఉండడం వంటివి ఉంటే డాక్టరుకు ఆ సంగతి తప్పక చెప్పాలి.

ఏ గుర్తులు చూడాలి?

పొత్తికడుపు అనేది ఎముకల గిన్నె. గర్భసంచి, మూత్రాశయం, పెద్దప్రేగు చివరి భాగం ఆ గిన్నెలో దగ్గర దగ్గరగా ఉంటాయి. కాబట్టి లోపం ఎక్కడ ఒత్తితే అక్కడి బాధ కనబడుతుంది.

స్త్రీలలో నెలసరి రక్తం విపరీతంగా పోవడం, కాన్పు తరువాత ఆగకపోవడం, పొత్తికడుపు నొప్పి, లోపల కొట్టుకుంటున్నట్లు అనిపించడం ముఖ్యమైనవి. ఇది ఆడవారి జబ్బు మాత్రమే అనుకోవద్దు. పురుషులకు కూడ వస్తుంది. వారిలో మూత్రంలో రక్తం, మూత్రానికి వెళ్ళడంలో ఇబ్బంది, నడుము క్రింద లోతైన నొప్పి, ఒక కాలు వాపు కనబడవచ్చు. ప్రోస్టేటు జబ్బు అనుకొని కొంతకాలం మందులు వాడినవారు కూడ ఉంటారు. గండి పెద్దదైతే గుండె అదనపు పని చేసి చేసి అలసిపోతుంది. అప్పుడు ఆయాసం, కాళ్ళ వాపు వస్తాయి.

నెమ్మదిగా పారే రకంలో చర్మంపై నీలిరంగు, నొక్కితే అణగిపోయి ముక్కినప్పుడు ఉబ్బే మెత్తని గడ్డ, మలంలో రక్తం ఉండవచ్చు. చిన్నతనం నుండి ఒక కాలు లావుగా, పొడవుగా ఉండి, దానిపై ఎర్రని మచ్చ, ఉబ్బిన సిరలు ఉంటే దానిని క్లిపెల్ ట్రెనానే జబ్బు అంటారు. ఇద్దరు ఫ్రెంచి డాక్టర్లు 1900లో దానిని వివరించారు. అటువంటి బిడ్డకు మూత్రంలోనో మలంలోనో రక్తం కనబడితే, లోపం పొత్తికడుపులో కూడ ఉన్నదేమో చూడవలసి ఉంటుంది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. రక్తం ఎక్కువగా పోయే ప్రతి స్త్రీకీ ఈ లోపం ఉన్నదని కాదు. ఇది చాలా అరుదు. గర్భసంచిలో గడ్డలు, హార్మోనుల తేడా, థైరాయిడు, కొన్నిసార్లు క్యాన్సరు, ఇవే ఎక్కువ. అరుదైనది గనుకనే దానిని గుర్తించడం ఆలస్యమవుతుంది. అయితే దానిని పట్టుకొనే మొదటి పరీక్ష అరుదైనది కాదు. జిల్లా కేంద్రాలలో దొరికేదే.

నలుపు తెలుపు నుండి రంగులకు

మామూలు అల్ట్రాసౌండు స్కానింగులో మన చెవికి వినబడని శబ్దాన్ని శరీరంలోనికి పంపి, తిరిగి వచ్చే ప్రతిధ్వనితో బొమ్మ గీస్తారు. ద్రవం ఉన్న చోట ప్రతిధ్వని రాదు గనుక అక్కడ నల్లగా కనబడుతుంది. ఇక్కడే చిక్కు ఉంది. నీరైనా నల్లనే, రక్తమైనా నల్లనే. అందుకే రక్తనాళాల ముడిని నీటితిత్తులుగా పొరబడే అవకాశం ఉంది.

కలర్ డాప్లర్ ఆ చిక్కును విడదీస్తుంది. 1842లో ప్రాగ్ నగరంలో క్రిస్టియన్ డాప్లర్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త ఒక సూత్రం చెప్పాడు. రైలుగేటు దగ్గర నిలబడినవారికి అది అనుభవమే. కూత వేస్తూ దగ్గరకు వచ్చే రైలు శబ్దం సన్నగా, దాటిపోయేటప్పుడు బొంగురుగా వినబడుతుంది. అదే విధంగా కదిలే రక్తానికి తగిలి వచ్చిన శబ్దంలో మార్పు వస్తుంది. యంత్రం ఆ మార్పును రంగుగా చూపుతుంది. నిలిచిన నీటిలో మార్పు లేదు గనుక రంగు లేదు.

చాలమంది ఎరుపు అంటే మంచి రక్తం, నీలం అంటే చెడు రక్తం అనుకుంటారు. అది సరికాదు. యంత్రపు మూతివైపు వచ్చే రక్తానికి ఒక రంగు, దూరంగా పోయేదానికి ఇంకొక రంగు, అంతే. రక్తం మితిమీరిన వేగంతో సుడులు తిరిగితే రంగులు కలగాపులగమై పసుపు, ఆకుపచ్చ కూడ కనబడతాయి. దానితోపాటు డాక్టరు ఒక నాళంపై గుర్తు పెట్టి వేగాన్ని, అడ్డగింపును కొలుస్తారు. మామూలు ధమనికి ముందు కేశనాళికల అడ్డు ఉంటుంది. గండి ఉన్న చోట అడ్డు లేదు. కాబట్టి వేగం ఎక్కువ, అడ్డగింపు తక్కువ. ఈ రెండూ కలిసి కనబడితే అనుమానం బలపడుతుంది.

పెండ్లయిన స్త్రీలకు యోనిమార్గం గుండా చేసే స్కానింగులో బొమ్మ ఇంకా స్పష్టంగా వస్తుంది. సిగ్గుపడి వద్దనేవారు ఎక్కువ. తోడుగా ఒక స్త్రీ లోపల ఉండాలని అడగడం మీ హక్కు. పెండ్లికాని పిల్లలకు మూత్రాశయం నిండేవరకు నీళ్ళు త్రాగించి పొట్టమీదనుండే చేస్తారు.

ఇక్కడ రెండవవైపు జాగ్రత్త కూడ చెప్పాలి. గర్భస్రావం తరువాత, కాన్పు తరువాత, మాయముక్క లోపల మిగిలినప్పుడు గర్భసంచి గోడలో కొంతకాలం రక్తప్రవాహం ఎక్కువగా ఉండి ఇదే విధంగా రంగులు కనబడవచ్చు. వాటిలో చాలవరకు కాలక్రమేణ వాటంతట అవే తగ్గిపోతాయి. ముత్యాల గర్భంలో కూడ ఇటువంటి బొమ్మ రావచ్చు. అందుకే డాక్టర్లు గర్భ హార్మోను రక్తపరీక్ష చేయిస్తారు. జరిగిన కాన్పులు, గర్భస్రావాలు, ఆపరేషన్లు దాచకుండా చెప్పడం ఎంత అవసరమో దీనివలన గ్రహించాలి. కోత, గీకుడు వలన తరువాత వచ్చిన గండి సాధారణంగా గర్భసంచి గోడకే పరిమితమై ఉంటుంది. పుట్టుకతో వచ్చినది అనేక ధమనుల నుండి రక్తం లాగుతూ గర్భసంచి దాటి చుట్టుప్రక్కలకు వ్యాపిస్తుంది.

పటం గీసే పరీక్షలు

డాప్లర్ గండి ఉన్నదని చెబుతుంది. అది ఎంతవరకు ప్రాకినదో చెప్పేది ఎమ్మారై. దీనిలో ఎక్స్‌రే కిరణాలు లేవు, అయస్కాంత శక్తి మాత్రమే. అరగంట నుండి ముప్పావు గంట వరకు సొరంగంవంటి యంత్రంలో కదలకుండా పడుకోవాలి. డప్పు కొట్టినట్లు పెద్ద శబ్దం వస్తుంది, భయపడనక్కరలేదు. నెమ్మదిగా పారే సంచులు ఒక తరహా బొమ్మలో తెల్లగా మెరుస్తాయి. వేగంగా పారే నాళాలు నల్లని పాములవలె కనబడతాయి. రక్తం వేగానికి సంకేతం నిలువదు గనుక అలా కనబడుతుంది. మూత్రాశయం, ప్రేగు, కండరాలు, నరాలు ఎంతవరకు చిక్కుకున్నవో కూడ తెలుస్తుంది. గుండెకు యంత్రం అమర్చినవారు, శరీరంలో లోహపు ముక్కలున్నవారు ముందే చెప్పాలి.

సీటీ యాంజియోగ్రాములో సిరలోనికి అయోడిన్ మందు ఎక్కించి కొద్ది నిమిషాలలో బొమ్మలు తీస్తారు. ఏ ధమనులు రక్తం తెస్తున్నవి, ఏ సిరలు తీసికొనిపోతున్నవి అనేది చక్కగా కనబడుతుంది. మామూలుగా సిరలలో మందు ఆలస్యంగా చేరాలి. ధమనులతోపాటే సిరలు కూడ నిండిపోతే మధ్యలో గండి ఉన్నట్లు. అత్యవసరంలో ఇది త్వరగా అయ్యే పరీక్ష. అయితే దీనిలో ఎక్స్‌రే కిరణాలుంటాయి. మూత్రపిండాల పనితీరు ముందుగా రక్తపరీక్షతో చూడాలి. గతంలో ఇటువంటి మందు పడకపోతే, గర్భం ఉంటే, ఉన్నదన్న అనుమానమున్నా చెప్పాలి.

మామూలు ఎక్స్‌రే కూడ ఒక్కొక్కప్పుడు సాక్ష్యమిస్తుంది. నిలిచిన రక్తం గడ్డకట్టి, సున్నం పట్టి చిన్న గులకరాళ్ళవలె మారుతుంది. పెద్ద వయస్సువారి పొత్తికడుపులో ఇటువంటివి ఒకటి రెండు ఉండడం మామూలే. చిన్నవయస్సులో గుంపుగా కనబడితే సిరల వైకల్యాన్ని గుర్తు చేస్తాయి.

చివరిది కేథటర్ యాంజియోగ్రాము. ధమనిలోనికి సన్నని గొట్టాన్ని క్షేమంగా పంపే పద్ధతిని 1953లో స్వీడన్ దేశపు డాక్టరు సెల్డింగర్ ప్రకటించాడు. నేటికీ అదే పద్ధతి. గజ్జలోనో మణికట్టు దగ్గరో మత్తు ఇచ్చి, సుమారు 1.5 మిల్లీమీటర్ల మందంగల గొట్టాన్ని ధమనిలోనికి పంపి, మందు ఎక్కిస్తూ సినిమావలె వరుస బొమ్మలు తీస్తారు. క్షణక్షణం రక్తం ఎటు పోతున్నదో ఇంత వివరంగా చూపే పరీక్ష వేరొకటి లేదు. శరీరం లోపలికి గొట్టం పంపే పని గనుక కేవలం అనుమానం తీర్చుకోవడానికి సాధారణంగా చేయరు. చికిత్సకు సిద్ధపడినప్పుడు చేస్తారు.

తొందరపడి కోస్తే ఏమౌతుంది?

గడ్డ అనుకొని ముక్క తీసినా, నెలసరి ఆపడానికి గర్భసంచి గీకినా, గండి తెగి రక్తం ధారకట్టవచ్చు. గీకుడు అనేక రకాల రక్తస్రావాలకు ఉపశమనమిస్తుంది, ఈ లోపంలో మాత్రం ప్రమాదం తెస్తుంది.

ఇంకొక పొరపాటు ఉన్నది. రక్తం ఆపాలని పై పెద్ద ధమనిని ముడివేయడం. వినడానికి సబబుగానే ఉంటుంది. కాని కాలువ రైతును అడగండి. పైన లాకులు మూసినంత మాత్రాన గండి పూడుతుందా? ప్రక్క కాలువల నుండి, అవతలి బోదెల నుండి నీరు దారి వెతుక్కొని అదే గండికి చేరుతుంది. శరీరంలో కూడ నడుము నుండి, ప్రేగు నుండి, ఎదుటి వైపునుండి కొత్త దారులు పుడతాయి. అంతేకాదు, మూసిన పెద్ద కాలువ గుండా గండి దగ్గరకు పోవలసిన పడవకు దారి లేకుండా పోతుంది. అనగా తరువాత గొట్టం పంపి చికిత్స చేయవలసిన డాక్టరుకు మార్గం మూతపడుతుంది. ప్రాణాపాయ సమయంలో డాక్టరు ఏది చేయక తప్పదో అది వేరు. తీరికగా ఆలోచించే సమయం ఉన్నప్పుడు ముందు పటం ఉండాలి.

గర్భసంచి తీయించుకోవడం మన రాష్ట్రాలలో ఎంత సులభమైపోయినదో లెక్కలు చెబుతున్నాయి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంమీద నూటికి సుమారు 3 కాగా, తెలంగాణలో సుమారు 8, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9. వారిలో అవసరమై చేయించుకున్నవారు ఉన్నారు, వారిని తప్పుపట్టను. అయితే పుట్టుకతో వచ్చిన ముడి గర్భసంచిని దాటి వ్యాపించి ఉంటే సంచి తీసినంత మాత్రాన అది పోదు. సంచి పోతుంది, భూమి పోతుంది, జబ్బు మిగులుతుంది.

చికిత్స సంగతి

గొట్టం గుండా ఆ గూటి లోపలికే చేరి, జిగురువంటి మందుతోనో, ఆల్కహాలుతోనో, లోహపు చుట్టలతోనో దానిని పూడ్చడాన్ని ఎంబొలైజేషన్ అంటారు. కాలువ మూయడం కాదు, గండి పూడ్చడం. ఒక్కసారితో ముగియకపోవచ్చు, మరల తెరుచుకోవచ్చు, అందుకే ఏండ్ల తరబడి పరీక్షలు అవసరం. నరాలకు, చర్మానికి హాని కలిగే అవకాశం కూడ ఉన్నది గనుక అనుభవమున్న చోటనే చేయించాలి. నెమ్మదిగా పారే రకానికి సూదిద్వారా మందు ఎక్కించి సంచులను కుదించే పద్ధతి ఉన్నది. బాధ లేనివారికి కేవలం కనిపెట్టి చూడడమే చికిత్స కావచ్చు. ఈ పని చేసేవారిని ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టులు అంటారు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల, హైదరాబాదులోని నిమ్స్ వంటి పెద్ద ఆసుపత్రులలో వారుంటారు. ఆరోగ్యశ్రీవంటి పథకాలలో మీ చికిత్స ఉన్నదో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలిసికొనండి.

డాక్టరుగారిని ఏమి అడగాలి?

చదువుకోని వారమని వెనుకాడవద్దు. ఈ ప్రశ్నలు ఒక కాగితంమీద వ్రాసికొని వెళ్ళండి.

1. ఈ నల్లని గుంటలలో ఉన్నది నీరా, రక్తమా? కలర్ డాప్లర్ చేసి చూచారా?
2. ఇది వేగంగా పారే రకమా, నెమ్మదిగా పారే రకమా?
3. గర్భ హార్మోను పరీక్ష చేశారా?
4. ముక్క తీయకముందు, గీకకముందు, కోయకముందు ఎమ్మారై గాని సీటీ గాని అవసరమా?
5. గొట్టంతో చేసే చికిత్సకు ఎక్కడికి వెళ్ళాలి?

పాత ఫిల్ములు, రిపోర్టులు పారవేయవద్దు. తేదీల ప్రకారం ఒక సంచిలో ఉంచండి. రక్తం తక్కువైన స్త్రీకి హిమోగ్లోబిన్ పరీక్ష, ఐరన్ మాత్రలు ఆలస్యం చేయవద్దు. రక్తం ఆగకుండా పోతూ కళ్ళు తిరిగితే అది ప్రశ్నలడిగే సమయం కాదు, వెంటనే 108కి ఫోను చేయండి.

ఆ సహోదరి

ఆమె ఆపరేషను జరుగలేదు. పెద్ద ఆసుపత్రిలో ఎమ్మారై చేశారు, తరువాత యాంజియోగ్రాము. ముడి గర్భసంచి గోడ దాటి ప్రక్కకు వ్యాపించి ఉన్నదని, రెండు వైపుల ధమనులూ దానికి రక్తం అందిస్తున్నవని తేలింది. రెండు దఫాలుగా పూడ్చారు. సంఘ యౌవనస్థులు ముగ్గురు రక్తం ఇచ్చారు. పూర్తిగా నయమైనదని డాక్టర్లు అనలేదు. ఏటేటా చూపించుకోవాలన్నారు. నెలసరి మాత్రం అందరివలె అవుతున్నది. అర ఎకరం ఇంకా తనఖాలోనే ఉన్నది, వడ్డీ కడుతున్నారు.

మొన్న నా భార్యతో ఆమె ఒక మాట అన్నదట. "ఇన్నాళ్ళు లోపల కొట్టుకుంటుందని చెబితే నవ్వుతారనుకున్నానమ్మగారూ."

సువార్తలలో పన్నెండేండ్లు రక్తస్రావంతో బాధపడి, ఉన్నదంతా వైద్యులకు ఖర్చుపెట్టి, గుంపులో వెనుకనుండి వచ్చిన స్త్రీని మనమెరుగుదుము. ఆమె కూడ తన బాధను ఎవరికీ చెప్పుకోలేక అలాగే వచ్చింది. మన ఇండ్లలో భార్య, కోడలు, కూతురు అలా దాచుకొనవలసిన అవసరం రాకూడదు. "నెలసరి ఎలా అవుతున్నదమ్మా?" అని తల్లి గాని అత్త గాని అడగాలి. భర్త వినాలి. డాక్టరుకు చెప్పాలి. ఆ తరువాత, కత్తికన్నా ముందు, ఒకసారి రంగులలో చూడమని అడగాలి.